చక్రానికి గాలిని తొడిగిన పశువైద్యుడు: జాన్ బాయ్డ్ డన్‌లప్

ఏ వస్తువు మనకు నిత్యం ఎక్కువగా ఉపయోగపడుతుందో, దానిని గురించి మనం ఆలోచించడం అంత తక్కువ. నీటిని గురించి దాహం వేసినప్పుడు, గాలిని గురించి ఊపిరాడనప్పుడు మాత్రమే తలచుకొంటాము. సైకిలు చక్రంలోని గాలి సంగతి కూడ అంతే. దారి మధ్యలో పంక్చరు పడి, ఎండలో బండిని నడిపించుకొంటూ రిపేరు దుకాణం దాకా పోవలసి వచ్చిన రోజున గాని ఆ గాలి విలువ మనకు తెలిసిరాదు.

కొన్నాళ్ల క్రితం తరగతి ముగిసిన తరువాత ఒక విద్యార్థి నన్ను సైకిళ్ల షెడ్డు వద్ద ఆపి తన సందేహం ఒకటి చెప్పుకొన్నాడు. మేలైన ఉక్కు గొట్టాలతో చేసిన ఫ్రేము గల సైకిలు మెత్తగా సాగుతుందని, నాసిరకం గొట్టాలదైతే ఒళ్లు హూనమవుతుందని ఒక దుకాణదారు అతనితో అన్నాడట. అది ఎంతవరకు నిజమని అతని ప్రశ్న. పద్యం చెప్పుకొని బ్రతికే తెలుగు ఉపన్యాసకునికి ఉక్కుతో ఏమి పని అని నేను తప్పించుకొని ఉండవచ్చు. కాని ప్రశ్న అడిగినవానికి సమాధానం బాకీ పడతాము గదా! భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను అడిగి, గ్రంథాలయంలో కొంత వెదికి చూచాను. ఆ వెదుకులాట నన్ను ఉక్కు నుండి రబ్బరుకు, రబ్బరు నుండి ఒక మనిషి జీవితానికి తీసుకొనిపోయింది. ఆ జీవితమే ఈ వ్యాసం. విద్యార్థి ప్రశ్నకు సమాధానం కూడ ఇందులోనే ఉన్నది.

జాన్ బాయ్డ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో డ్రెగ్‌హార్న్ అనే గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. నెలలు నిండకుండ పుట్టిన బిడ్డ కావడం వల్ల తన ఆరోగ్యం సున్నితమైనదనే భావన ఆయనను జీవితాంతం వీడలేదు. విధి విలాసమేమో గాని, అటువంటి మనిషి ఎనభై ఒక్క సంవత్సరాలు జీవించారు. ఎడింబరో నగరంలో పశువైద్యం అభ్యసించి, పందొమ్మిదవ ఏటనే పట్టా పొందారు. కొన్ని సంవత్సరాలు స్వదేశంలో వృత్తి సాగించి, 1867లో ఐర్లండుకు తరలిపోయారు. అక్కడ డౌన్‌పాట్రిక్ పట్టణంలో తమ సోదరునితో కలిసి పశువైద్యశాల నడిపి, తరువాత బెల్ఫాస్ట్ నగరంలో స్థిరపడ్డారు. ఆయన వైద్యశాల ఆ దేశంలోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పేరు పొందింది.

ఆనాటి నగర జీవితం గుర్రం మీద ఆధారపడి నడిచేదన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి. సరుకు మోసినా, మనుషులను మోసినా గుర్రమే. రాళ్లు పరచిన వీధులలో ఇనుప పట్టా వేసిన చక్రాల మోత, ఆ బండ్లను లాగే పశువుల శ్రమ పశువైద్యునికి నిత్యం కంటబడే విషయాలు. యంత్రనిర్మాణం ఆయన చదివిన విద్య కాదు. కాని ఎగుడుదిగుడు దారి ప్రాణిని ఎంత బాధిస్తుందో తెలిసిన వృత్తి ఆయనది.

ఇక సైకిలు సంగతి. అప్పటికి కొంతకాలంగా ప్రచారంలో ఉన్న సైకిలు మనం ఎరిగిన సైకిలు కాదు. ముందు చక్రం మనిషి ఎత్తుకు దరిదాపుగా ఉండి, వెనుక ఒక చిన్న చక్రం తోకవలె వ్రేలాడేది. పెడలు తిన్నగా ముందు చక్రానికే ఉండడం వల్ల, చక్రం ఎంత పెద్దదైతే వేగం అంత ఎక్కువ. అంతేకాక పెద్ద చక్రం చిన్న గుంటలలో దిగబడకుండ వాటి మీదుగా దొర్లిపోయేది గనుక కుదుపు కూడ కొంత తక్కువ. కాని దాని మీద నుండి తలక్రిందులుగా పడినవారికి లెక్క లేదు. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ అనే నిర్మాత రోవర్ పేరుతో కొత్త సైకిలు తయారుచేశారు. రెండు చక్రాలూ దాదాపు సమానమైనవి. వెనుక చక్రానికి గొలుసు ద్వారా చలనం అందేది. పడిపోతే కాలు నేలకు ఆనేది. ఆ విధంగా ప్రమాదం తగ్గింది.

అయితే ఒక కష్టం తీరి మరొక కష్టం మొదలయింది. చక్రాలు చిన్నవి కావడంతో ప్రతి గుంటా, ప్రతి రాయీ తన ఉనికిని సవారి చేసేవాని వెన్నెముకకు తెలియజేయసాగింది. చక్రాల అంచున ఉండే రబ్బరు లోపల బోలు లేని గట్టి రబ్బరు. అది చప్పుడును తగ్గించేదే తప్ప దెబ్బను ఆపేది కాదు. అందుచేత నిర్మాతల దృష్టి ఫ్రేము మీదికి మళ్లింది. ఫ్రేములోనే స్ప్రింగులు అమర్చి, మనిషి కూర్చునే భాగాన్ని చక్రాల నుండి వేరుచేయాలని ప్రయత్నించారు. లిన్లీ, బిగ్స్ అనువారు 1885లో విప్పెట్ అనే స్ప్రింగు ఫ్రేము సైకిలును విడుదల చేశారు. అది కొంత హాయినిచ్చిన మాట నిజమే. కాని స్ప్రింగులు, కీళ్లు పెరిగిన కొద్దీ బరువు పెరిగేది. కీళ్లు అరిగి సడలేవి. కుదుపును మనిషి దగ్గర ఆపాలని అందరూ చూస్తున్నారు. అది పుట్టేచోట, అంటే చక్రం నేలను తాకేచోటనే ఆపవచ్చునని బెల్ఫాస్ట్‌లోని పశువైద్యునికి తోచింది.

ఆ ఆలోచనకు కారణం ఆయన కుమారుడు. తొమ్మిది పదేళ్ల ఆ బాలునికి ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. రాళ్లు పరచిన వీధులలో దానిని తొక్కడం శ్రమ అయ్యేది. తోటి పిల్లలతో సమానంగా పోలేకపోయేవాడు. 1887 అక్టోబరులో తండ్రి ఒక చెక్క పలకను గుండ్రంగా కోయించి, పలుచని రబ్బరు రేకుతో గొట్టం చేసి, ఆ పలక అంచు చుట్టూ అమర్చి, దాని మీద గుడ్డ కప్పి మేకులతో బిగించారు. బంతికి గాలి కొట్టే పంపుతో ఆ గొట్టంలో గాలి నింపారు. తరువాత కుమారుని సైకిలు నుండి గట్టి రబ్బరు చక్రాన్ని విప్పి, రెండింటిని తమ ఆవరణలో ఒకదాని తరువాత ఒకటి సమానమైన బలంతో దొర్లించారు. గట్టి చక్రం ఆవరణ చివరి దాకా పోలేక మధ్యలోనే పడిపోయింది. గాలి చక్రం చివరి దాకా పోయి, అక్కడి తలుపును తాకి వెనుకకు ఎగిరి వచ్చింది.

మెత్తనిది నిదానంగా పోతుందని, గట్టిది వేగంగా పోతుందని లోకుల నమ్మకం. ఆ ప్రయోగం దానిని తలక్రిందులు చేసింది. కారణం సులభమైనదే. గట్టి చక్రానికి ఒక రాయి అడ్డు వచ్చినప్పుడు, చక్రంతో పాటు బండి, దాని మీది మనిషి కూడ ఆ రాయి ఎత్తుకు లేవవలసిందే. లేచిన ప్రతిసారీ ముందుకు సాగవలసిన శక్తిలో కొంత పైకి ఎగరడానికి ఖర్చవుతుంది. మనిషి శరీరం కుదుపుకు లోనై మరికొంత శక్తిని హరించివేస్తుంది. గాలి చక్రమైతే ఆ రాయిని తనలోకి తీసుకొంటుంది. రాయి ఉన్నంత మేరకు గొట్టం లోపలికి నొక్కుకొని, రాయి దాటగానే యథాస్థితికి వస్తుంది. లోపలి గాలి తాను గ్రహించిన శక్తిలో అధికభాగం తిరిగి ఇచ్చివేస్తుంది. కనుక గాలి వల్ల హాయి కలగడమే కాక వేగం కూడ కలుగుతుంది.

1888 ఫిబ్రవరి నెలాఖరున ఒక వెన్నెల రాత్రి, వెనుక చక్రాలకు గాలి గొట్టాలు తొడిగిన సైకిలును ఎక్కి ఆ బాలుడు వీధిలోకి పోయాడు. వాని సంతోషమే ఆ యంత్రానికి లభించిన మొదటి యోగ్యతాపత్రం. అదే సంవత్సరం జూలైలో డన్‌లప్ పేటెంటుకు దరఖాస్తు చేయగా, డిసెంబరు 7వ తేదీన అది మంజూరయింది.

ఊరివారు మొదట నవ్వారు. లావుపాటి గొట్టాలు తొడిగిన చక్రాలు చూపులకు వికారంగా ఉండేవి. అయినా బెల్ఫాస్ట్ సైకిలు క్లబ్బుకు నాయకుడైన విలియం హ్యూమ్ అనే ఆటగాడు ధైర్యం చేసి అటువంటి సైకిలును కొన్నాడు. 1889 మే 18వ తేదీన క్వీన్స్ కాలేజీ క్రీడోత్సవంలో దానిపై పోటీకి దిగి, పాల్గొన్న పందెములన్నీ గెలిచాడు. ఆ రోజు ఓడినవారిలో డబ్లిన్ నగరానికి చెందిన కాగితపు వర్తకుడు హార్వే డు క్రాస్ కుమారులు కూడ ఉన్నారు. తండ్రికి కుమారుల ఓటమి కంటె ఆ చక్రం గెలుపు ఎక్కువ ఆసక్తి కలిగించింది. ఆయన ముందుకు వచ్చి, 1889 చివర డబ్లిన్‌లో ఒక కంపెనీని స్థాపించారు. డన్‌లప్ తమ పేటెంటు హక్కును ఆ కంపెనీకి అప్పగించి, అందులో వాటాదారు, డైరెక్టరు అయ్యారు.

గాలి టైరు వచ్చిన తరువాత సైకిలు ఆకారమే స్థిరపడింది. స్ప్రింగుల అవసరం తీరిపోయింది. కదిలే కీళ్లు లేని, తేలికైన, రెండు త్రిభుజాలను జతపరచినట్లుండే ఉక్కు గొట్టాల ఫ్రేము సర్వత్రా వ్యాపించింది. మన షెడ్డులో నిలబడి ఉన్న సైకిళ్లను చూడండి. పై గొట్టం, క్రింది గొట్టం, సీటు గొట్టం, వెనుక చక్రానికి పోయే జంట గొట్టాలు, అన్నీ ఆ త్రిభుజాల భుజాలే. నూరేండ్లు దాటినా ఆ రూపం మూలంలో మారలేదు. గాలి అనే పరుపు క్రింద ఉండబట్టే ఉక్కు ఇంత సన్నగా, ఇంత నిరాడంబరంగా ఉండగలిగింది.

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు వద్దాము. త్రిభుజం స్వభావం ఏమిటి? దాని మీద బరువు పడినప్పుడు భుజాలు వంగవు. ఒకటి నొక్కుకొంటుంది, మరొకటి లాగబడుతుంది. ఉక్కు గొట్టం నిలువునా నొక్కితే తగ్గే పొడవు కంటికి కనబడనంత స్వల్పం. అందువల్ల గుంటలో పడినప్పుడు ఫ్రేము పైకి క్రిందికి ఒదిగేది అత్యల్పం. టైరు మాత్రం కొన్ని మిల్లీమీటర్లు సునాయాసంగా నొక్కుకొంటుంది. దెబ్బను మ్రింగేది టైరు, ఉక్కు కాదు. ఉక్కు ఎంత ఖరీదైనదైనా దాని యంగ్ గుణకం సుమారు 200 గిగాపాస్కళ్లే. మామూలు ఉక్కుకు, మేలైన మిశ్రమ ఉక్కుకు ఈ విషయంలో చెప్పుకోదగిన భేదం లేదు.

అట్లని మంచి గొట్టానికి విలువ లేదనుకోరాదు. మిశ్రమ ఉక్కు ఎక్కువ బలమైనది గనుక గొట్టం గోడను పలుచన చేయవచ్చును. బర్మింగ్‌హామ్ నగరంలో మేకులు తయారుచేసే కుటుంబానికి చెందిన ఆల్ఫ్రెడ్ మిల్వార్డ్ రెనాల్డ్స్ 1897లో ఒక చక్కని ఉపాయం పేటెంటు చేశారు. అతుకులు పడే రెండు కొనల వద్ద గొట్టం గోడ దళసరిగా, మధ్యలో పలుచగా ఉంచడం ఆ ఉపాయం. బయటికి గొట్టం ఒకే లావుగా కనబడుతుంది. తేడా అంతా లోపలనే. ఆ సంస్థయే 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన 531 అనే ఉక్కు గొట్టాలను విడుదల చేసి జగత్ప్రసిద్ధి పొందింది. అటువంటి గొట్టాల వల్ల బండి తేలిక అవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, వేగం అందుకొనేటప్పుడు ఆ తేలికదనం తెలుస్తుంది. గొట్టం లావు మరీ ముఖ్యం. గోడ మందం మారకుండ గొట్టం లావును రెట్టింపు చేస్తే, దాని బిగువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది. పెడలును బలంగా తొక్కినప్పుడు ఫ్రేము పక్కకు మెలిపడటమో, బిగిసి ఉండటమో దానిని బట్టియే. ముందు చక్రాన్ని పట్టి ఉండే ఫోర్కు మాత్రం ఒక కొనయందే బిగింపబడి ఉండుటచేత కొంచెం వంగి, సన్నని అదురును కొంతవరకు తగ్గిస్తుంది. దుకాణదారు చెప్పినది పూర్తిగా అబద్ధం కాదు. కాని అందులో గాలికి చెందవలసిన కీర్తిలో ఎక్కువభాగం ఉక్కుకు దక్కింది.

కీర్తి ఒకరిది మరొకరికి దక్కడం డన్‌లప్ జీవితంలో కూడ జరిగింది. అది రెండు విధాలుగా జరగడమే ఆ జీవితంలోని విచిత్రం.

మొదటిది ఇది. 1890లో ఆయన పేటెంటు చెల్లదని తేలిపోయింది. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లండు దేశీయుడు గాలి టైరును 1845లోనే, అంటే డన్‌లప్ ఐదేళ్ల బాలుడుగా ఉన్ననాడే, పేటెంటు చేసి ఉన్నారు. లండన్‌లో గుర్రపు బండ్లకు తొడిగి చూపారు కూడ. కాని ఆనాటికి సైకిలు లేదు, మోటారు లేదు, మంచి రబ్బరు చౌక కాదు. కోరినవారు లేక ఆ అద్భుతం కాగితాలలో నిద్రపోయింది. థామ్సన్ 1873లోనే మరణించారు. డన్‌లప్‌కు ఆ సంగతి తెలియదు. ఆయన ఎవరి నుండి దొంగిలించలేదు. తమంతట తామే కనుగొన్నారు. అయినా చట్టం ముందుగా నమోదు చేసినవారినే గుర్తిస్తుంది.

పేటెంటు పోయినా కంపెనీ నిలబడింది. మొదటి టైర్లు చక్రానికి గుడ్డతో చుట్టి అంటింపబడినవి గనుక పంక్చరు వేయాలంటే గంటల పని. చార్లెస్ వెల్చ్, విలియం బార్ట్‌లెట్ అనువారు 1890లో వేరు వేరుగా టైరును రిమ్ము నుండి తేలికగా ఊడదీసే పద్ధతులు కనుగొనగా, ఆ హక్కులను కంపెనీ కొన్నది. మన సైకిలు ట్యూబుకు ఉండే వాల్వును డన్‌లప్ వాల్వు అని పలుదేశాలలో పిలుస్తారు. నిజానికి దానిని రూపొందించినవారు ఉడ్స్ అనే మరొకరు. తాము చేసినదానికి హక్కు కోల్పోయిన మనిషికి, తాము చేయనిదానికి పేరు వచ్చింది!

రెండవది మరింత బాధాకరం. డన్‌లప్ 1890ల నడిమి భాగంలో కంపెనీ వ్యవహారాల నుండి తప్పుకొన్నారు. 1896లో ఆ కంపెనీ ముప్పై లక్షల పౌండ్లకు చేతులు మారి, వెంటనే యాభై లక్షల పౌండ్ల మూలధనంతో తిరిగి వెలసింది. ఆ మహా సంపదలో కనుగొన్నవారికి దక్కిన భాగం స్వల్పమే. ఆయన డబ్లిన్‌లో నిరాడంబరంగా జీవించారు. కంపెనీ మాత్రం ఆయన పేరును, గడ్డంతో కూడిన ఆయన ముఖాన్ని వ్యాపారచిహ్నంగా వాడుకొన్నది. అంతటితో ఆగక, ఆ ముఖానికి ఎత్తయిన టోపీ, తెల్లని వెయిస్ట్‌కోటు, చేతికర్ర గల విలాసపురుషుని శరీరాన్ని అతికించి ప్రకటనలు వేసింది. వృద్ధుడైన ఆ వైద్యునికి అది తమ వ్యక్తిత్వానికి జరిగిన అవమానంగా తోచింది. తమ పేరు మోస్తున్న కంపెనీ పైననే వ్యాజ్యం వేశారు. అది బ్రిటిష్ ప్రభువుల సభ దాకా పోయి, 1921 నాటి తీర్పుల సంపుటిలో చోటు చేసుకొన్నది. ధనం చేజారినప్పుడు ఊరకున్న మనిషి, తాము కానివానిగా లోకానికి చూపబడుటను సహించలేదు. ఆయన స్వభావం తెలియడానికి ఈ ఒక్క విషయం చాలును.

1921 అక్టోబరు 23వ తేదీన డబ్లిన్‌లో డన్‌లప్ పరమపదించారు. అప్పటికి ఆయన కనుగొన్న గాలి చక్రం సైకిళ్లను దాటి, మోటారు కార్లను, విమానాలను మోస్తున్నది.

మన దేశానికి ఆ పేరు చిరపరిచితం. పశ్చిమ బెంగాలులోని సాహాగంజ్‌లో 1936లో డన్‌లప్ టైర్ల కర్మాగారం వెలసి, దశాబ్దాలపాటు నడిచి, తరువాత మూతపడింది. కర్మాగారం పోయినా మాట పోలేదు. మెత్తని పరుపును డన్‌లప్ పరుపు అని మన ఇళ్లలో అలవాటుగా అంటుంటాము; అది ఒక మనిషి పేరని ఎరగకయే అంటుంటాము. మన పల్లెలలో ఇనుప పట్టా చక్రాలు పోయి టైరుబండ్లు వచ్చినప్పుడు ఎద్దుల మెడలపై భారం తేలికపడింది. పశువులకు చికిత్స చేసి బ్రతికిన మనిషికి ఇంతకంటె తగిన స్మారకం ఏమున్నది? ఆ ఎద్దులు ఆయనను ఎరగవు. కాని మేలు పొందాయి.

విద్యార్థులారా! ఈ జీవితం నుండి నేను గ్రహించినది మీకు విన్నవించి ముగిస్తాను. చదువులో మన శాఖ ఇది, దానిని దాటి చూడరాదని మనకు మనమే గీతలు గీసుకొంటాము. డన్‌లప్ ఆ గీతను గౌరవించి ఉంటే కుమారుని సైకిలును కమ్మరికి అప్పగించి, తాము గుర్రం వద్దకు పోయేవారు. రెండవ మాట: కనుగొన్నవానికి కీర్తి, ధనం, హక్కు అన్నీ ఒక్కచోట చేరడం అరుదు. థామ్సన్‌కు హక్కు ముందే ఉన్నది, కాలం కలిసిరాలేదు. డు క్రాస్‌కు ధనం వచ్చింది. డన్‌లప్‌కు పేరు మిగిలింది. పని మాత్రం లోకానికి దక్కింది.

నన్ను ప్రశ్నించిన విద్యార్థికి చివరకు నేను చెప్పిన సమాధానం చిన్నదే. కొత్త ఫ్రేము కొనే ముందు టైర్లను ఒకసారి చూచుకొమ్మన్నాను. రాయిలా బిగిసేటంత గాలి కొట్టవద్దని, రిమ్ము నేలకు తగిలేటంత తక్కువ ఉంచవద్దని చెప్పాను. మరునాడు అతడు నవ్వుతూ వచ్చి, సైకిలు మారిపోయినట్లున్నదని చెప్పాడు. ఒక తండ్రి తన బిడ్డ కోసం చేసిన పని, నూరేండ్ల తరువాత, వేల మైళ్ల దూరంలో, మరొక తండ్రి బిడ్డకు ఉపయోగపడింది.